ఎండోమెట్రియోసిస్ పరిశోధనలో నా వంతు

కరోనా కాలంలో సూరత్‌లో ఆడవాళ్ల జబ్బు మీద జరిగిన ఒక పరిశోధనను నేనే నడిపించాను. సరే, నడిపించింది డాక్టరు చదువుతున్న నా మనవరాలు. నేను డాబా మీద కూర్చుని అబద్ధాలు చెప్పాను.

జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొర వంటిది బయట కూడా పెరిగి, నెలనెలా ప్రాణం తోడేస్తుంది. ఆడదానికి మామూలేనంటూ ఏళ్లు గడిపేస్తారు. ఏ ప్రశ్నలు అడిగితే దాన్ని ముందే పసిగట్టవచ్చో తేల్చడానికి మనవరాలు మా పేట డిండోలిలోని తెలుగు ఆడవాళ్లకు ఫోన్లు చేసేది. ఎవరూ నోరు విప్పేవారు కాదు. ఎలా విప్పుతారు? సాంచాలు, అదే మరమగ్గాలు, బందయి మొగవాళ్లంతా ఆ ఒంటిగది ఇళ్లలోనే ఉన్నారాయె.

"తాతా, జర మొగోళ్లను బయటికి గుంజవా?" అంది.

గుంజాను. పక్కింటి సాంచాల కార్మికుడు ఒక్కడే కదలలేదు. నెలనెలా గోడ పట్టుకుని నడిచే మనిషి అతని భార్యే. ఆమెతో మాట్లాడి తీరాలని మనవరాలి పట్టు. తాపీ నది వరదలో గుడ్డ తాకా చుట్ట నెత్తిన పెట్టుకుని అవతలి ఒడ్డు అమ్రోలి దాకా ఈదిన కథ చెబుతానని ఎర వేశాను. మాస్కు తగిలించుకుని డాబా ఎక్కాడు.

"తాకా తడిస్తే మునుగుతవ్ గద, కాకా?"

"అందుకే రెండు చేతులతోని పైకెత్తి పట్టిన."

"మరి ఎట్ల ఈదినవ్?"

"కాళ్లతోని. నీలెక్క నోటితోని గాదు."

కింద అతనింట్లో ఫోను మాటలు ఆగలేదు. ఇన్నాళ్లు దాచుకున్నదంతా ఆమె ఒక్కసారే చెబుతోంది కాబోలు. నా అబద్ధాలు అయిపోయాయి. అతను లేచాడు. గత్యంతరం లేక నిజం చెప్పాను.

"నీ పెండ్లాం నా మనవరాలితోని నొప్పి సంగతి మాట్లాడుతుందిరా. జర ఆగు."

"నాకు చెప్పొచ్చు గద!"

"చెప్తే ఏమన్నవ్?"

తల గోక్కున్నాడు. "నాటకాలన్న."

గబగబా మెట్లు దిగాడు. కొంప మునిగిందనుకుని వెంటపడ్డాను. అతను తలుపు తీయలేదు. బయట నిలబడే అరిచాడు:

"ఏమే, నొప్పికి గోలీ ఏసుకుని కక్కినవ్ గద, అదీ చెప్పు! మరుస్తవ్!"

"చెప్పిన తీ! నువ్వు నాటకాలన్నది గూడ చెప్పిన!"

దవాఖానలు మామూలుగా తెరుచుకోగానే అతనే ఆమెను బండి మీద తీసుకుపోయాడు. జబ్బు అదేనని తేలింది, వైద్యం మొదలైంది. ఆ తర్వాత నొప్పి పూర్తిగా మాయమైందని ఇక్కడ రాశాను. మనవరాలు చదివి కళ్లెర్రజేసి కొట్టేయించింది. బాగా తగ్గింది, అంతే.