పిల్ల ఫీజూ, ఆయన ఫ్లెక్సీ

మిగిలితే దాచుకుందాం అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంట్లో ఏ నెలా ఏదీ మిగిలింది లేదు. మా ఆయన పిడుగురాళ్లలో సున్నం లారీ నడుపుతాడు. జీతం చేతికి రాగానే పిల్ల నర్సింగ్ ఫీజుకని ముందు కొంత తీసి పక్కన పెట్టేదాన్ని. బియ్యం, గ్యాసు, కరెంటు, ఫోన్ రీచార్జి అన్నీ మిగతాదాంట్లోనే. నెలాఖరుకు కూరలు లేకపోతే పచ్చిమిరపకాయలు, చింతపండు నూరి పెట్టేదాన్ని. ముద్ద దిగడం లేదని ఆయన సణిగితే సణగనీ అనుకునేదాన్ని. ఆ డబ్బు మాత్రం ముట్టుకునేదాన్ని కాదు.

ముట్టుకున్నది ఆయన. పోయిన వేసవిలో ఫీజు గడువు దగ్గరపడిందని బీరువా తీస్తే చీర మడతల్లో ఒక్క నోటు లేదు. ఎటు పోయిందో సెంటర్లోకి వెళ్తే కనిపించింది. ఆయన ఎవరి వెనకాల తిరుగుతాడో ఆ నాయకుడి పుట్టినరోజు. పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని నిండా నాయకుడి మొహం, కింద చివరి వరసలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని మా ఆయన. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారే, ఈయన ఆ నూనె నా పిల్ల ఫీజుతో కొన్నాడు.

అడిగితే సిగ్గుపడలేదు సరికదా, నాకే నచ్చజెప్పాడు. నాయకుడు ఒక్క మాట చెబితే కాలేజీవాళ్లు ఫీజు లేకుండానే సీటు ఇస్తారట.

"అయితే పద, ఆ మాటేందో చెప్పిద్దాం" అన్నాను.

రేపు చూద్దామన్నాడు. నేను వినలేదు. పిల్లను కూడా బండెక్కించుకుని ముగ్గురం వెళ్లాం. నాయకుడి ఇంటి ముందు చాలాసేపు ఎండలో నిలబెట్టారు. నాయకుడు బయటికి రాగానే మా ఆయన వంగి దండం పెట్టి, మా అమ్మాయి సీటు అన్నా అని మొదలుపెట్టాడు. నాయకుడు మా ఆయన మొహంలోకి పరీక్షగా చూశాడు.

"ఏ ఊరబ్బాయ్ మీది?"

జవాబు వినకుండానే కారెక్కాడు.

తిరిగొస్తుంటే నా వెనక కూర్చున్న పిల్ల ఏడుస్తోందని నా వీపుకు తెలుస్తూనే ఉంది. ఇంటికి రాగానే మా ఆయన, అన్న ఏదో టెన్షన్లో ఉన్నాడులే అన్నాడు. ఆ మనిషి మీద నాకు మిగిలిన కాస్త జాలి కూడా అప్పుడే పోయింది.

గడువు దాటింది, సీటు పోయింది. నేను లారీ ఓనరు దగ్గరికి వెళ్లి, ఇకనుంచి జీతం నా ఖాతాలో వేయమని అడిగాను. నలుగురిలో పరువు తీశానని మా ఆయన ఊగిపోయాడు.

"ఏమే, నేనేమన్నా తాగి తగలేశానా?"

"తాగినా బాగుండేది. తెల్లారేసరికి దిగేది."

పిల్ల ఈ ఏడు బట్టల షాపులో పనికి కుదిరింది. రోజంతా నిలబడి, కాళ్లు వాచి ఇంటికి వస్తుంది. మొదటి జీతం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది యాడ దాస్తే నాన్నకి దొరకదమ్మా?"

ఆయన అక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. గొంతు తగ్గించి అడగాలని కూడా దానికి అనిపించలేదు.