ఓబులేసు వేలు తగిలిన పత్తి

ఓబులేసు ఆటో రోడ్డెక్కిందంటే నంద్యాల రైలు కూడా పక్కకు జరిగి దారిస్తుంది. ఈ మాట చెప్పేది ఓబులేసే, నమ్మేవాళ్లు నమ్మొచ్చు. పదో తరగతిలో లెక్కలు తప్పి బడి మానేశాడు గదా అని ఎవరైనా గుర్తుచేస్తే మాత్రం, "నేను తప్పడమేందప్పా? నాకు సరిపడే ప్రశ్న ఆ కాగితంలో లేదు" అంటాడు.

అట్లాంటి మనిషికి ఒకే కూతురు, చందన. శిరివెళ్లకు అవతల ఉన్న వాళ్ల ఊరి హైస్కూల్లోనే పదో తరగతి. తరగతిలో పంతొమ్మిది మంది ఉంటే మగపిల్లలు నలుగురే. కలిగినోళ్లూ, అప్పు పుట్టినోళ్లూ కొడుకుల్ని పసుపు బస్సెక్కించి నంద్యాల కాన్వెంట్లకు తోలేస్తారు. సర్కారు బడికి మిగిలేది వాళ్ల అక్కాచెల్లెళ్లు. పరుపులు కుట్టే ఇమామ్ కూతురు అస్మా, ఎకరా అరెకరా రైతుల పిల్లలు, బస్సు ఫీజు అందని ఆ నలుగురు పిల్లోళ్లు.

విత్తనాల కోసం వేసే సీడుపత్తి పూతకొస్తే ఆ బెంచీలు కూడా ఖాళీ. సాయంత్రం మొగ్గ గిల్లి, లోపలి పుప్పొడి పోగులు తీసేసి గుర్తుకు ఎర్రకాగితం పెట్టాల. మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు తెచ్చి దానికి రుద్దాల. ఒక్కపూట ఏమారితే ఆ పువ్వు దండగ. ఈ పనికి ఆడపిల్లల వేళ్లే కావాల, మగోడి చెయ్యి తగిలితే మొగ్గ రాలిపోతుందని ఆ పక్క ఊళ్లలో నమ్మకం. ఏ తాత చెప్పిపోయాడో గానీ, టీ అంగడి బెంచీ మీద కూర్చునే మగోళ్లందరికీ ప్రాణంతో సమానమైన నమ్మకం.

పిల్లల్ని చేలకు తోలే ఆటో ఎవరిది? ఓబులేసుదే. ముందు సీట్లో చందన.

దసరా సెలవులు అయిపోయిన మరుసటి రోజు హెడ్మాస్టరు అరుణకుమారి మేడం ఆ ఆటోకు అడ్డం నిలబడింది.

"చందనకు లెక్కల్లో పదహారొచ్చినాయి."

"ఎన్నింటికి మేడం?"

"నూటికి. పోయినేడు మన బడిలో సగం మంది తప్పారు. వాళ్లు యాడున్నారో తెలుసా నీకు?"

ఓబులేసు అద్దంలో చూశాడు. తప్పినోళ్లలో ముగ్గురు ఎనక సీట్లోనే కూర్చోనుండారు, ఒళ్లో సద్దిగిన్నెలు పెట్టుకోని. చందన ఇట్లే పోతే వచ్చే ఏడు ఆ సీటు ఆమెదే. ఆయప్ప జీవితంలో మొదటిసారి హారన్ కొట్టకుండా ఆటో కదిలించినాడు.

హారన్ ఊరుకున్నా నోరు ఊరుకుంటుందా? సాయంత్రానికి ఊరంతా ఓబులేసు చెప్పిన ఒకటే కథ. అహోబిలం కొండ దిగి చిరుతపులి సీడుపత్తి రైతు రాజశేఖర్ చేన్లోకి వచ్చిందంట. ఓబులేసు హారన్ కొడితే అది రెండడుగులు ఎనక్కేసి, తలొంచుకోని పోయిందంట. రాత్రి బువ్వ తినే వేళకు పులులు రెండైనాయి, ఒకదానికి కూనలు కూడా పుట్టినాయి.

తెల్లారి చేలకు ఒక్క పిల్ల పోలేదు. ఓబులేసు మీసం దువ్వుకుంటా బడి కాడికి పోతే, ఆడా ఒక్క పిల్ల లేదు! మేడం సుద్దముక్క పట్టుకోని గోడను చూస్తాంది. ఇమామ్ ఇంటికి పరిగెత్తితే తలుపు తీయకుండానే అడిగాడు: "చేన్లోకొచ్చిన పులికి బడి దారి తెలీదా ఓబులేసన్నా?"

మధ్యాహ్నానికి రాజశేఖర్ టీ అంగడికొచ్చి పడినాడు.

"పులి అడుగు ఒక్కటి చూపించరా ఓబులేసూ! నిన్న గిల్లిన మొగ్గలన్నీ పోయినాయి. పిల్లల్ని రానీకపోతే ఎవడు రుద్దుతాడు, నువ్వు రుద్దుతావా?"

అంగడి కాడ అందరూ నవ్వినారు, పులి కథ ఆడికే తేలిపోయింది. నవ్వితే ఓబులేసు ఆగుతాడా?

"రుద్దుతా. నేను రుద్దితే ఒక్కో కాయ టెంకాయంత పడుతుంది."

"సరే, చేన్లో ఒక సాలు చెట్లు నీకిడుస్తా. కాయ నిలిస్తే ఈ ఏడు ఆడపిల్లల్ని నా చేన్లోకి పిలవను. రాలిందో, మొదట నీ బిడ్డే రావాల, పత్తి అయిపోయే దాకా."

నోరు ఒప్పుకుంది గానీ వేళ్లు ఒప్పుకోలేదు. మొదటి సాయంత్రం ఓబులేసు గిల్లిన మొగ్గ గిల్లినట్టే చేతిలోకి ఊడొచ్చింది. గట్టు మీద కూర్చోని చూస్తాండిన చందన లేచొచ్చింది.

"అంత గట్టిగా నొక్కద్దు నాయనా, అది హారన్ కాదు. గోరు ఆనించి చుట్టూ తిప్పు. ఊపిరి బిగపట్టు."

"ఊపిరి పట్టుకుంటే మాట్లాడేదెట్లామ్మీ?"

"అందుకే పట్టుకోమంటాండా."

మర్నాడు ఇమామ్‌ను కూడా లాక్కొచ్చాడు. పరుపు కుట్టే వేళ్లు గదా, సూది ఆడినట్టే ఆడినాయి. ఇద్దరూ పొద్దున రుద్దుతారు, సాయంత్రం గిల్లుతారు, మధ్యలో ఆటో. గట్టు మీద నిలబడి ఎగతాళి చేసేదానికి ఊరి మగోళ్లు రోజూ వస్తాండిరి. వారం దాటినాక పూరేకులు ఎండి రాలినాయి. రాజశేఖర్ వంగి చూశాడు. కొన్ని రాలినాయి, ఎవరు చేసినా రాలేటివే. మిగతా వాటి కింద పచ్చగా, రేగుకాయంత కాయ నిలబడింది.

"టెంకాయంత యాడుందిరా?" అన్నాడు రాజశేఖర్, పందెం పోయిందని తెలిసి.

"పెరగనీయన్నా, తొందరేంది?"

ఆ కాయతో ఊరి మగోళ్ల సాకు మట్టి కరిచింది. "మీ వేళ్లకేం రోగం?" అని పెండ్లాలు అడగడం మొదలుపెట్టినారు. గట్టు మీద నవ్వినోళ్లే ఒక్కొక్కరూ సాలులోకి దిగినారు. ఒకరిద్దరు రైతులు మొండికేసి డిసెంబరు దాకా పిల్లల్నే పిలిచినారు గానీ, అస్మా, చందన మాత్రం ఒక్క దినం బెంచీ ఇడవలేదు. పోయినేడు తప్పిన పాత పిల్లలు ముగ్గురి చేత కూడా మేడం మళ్లీ పరీక్ష ఫీజు కట్టించింది.

ఏప్రిల్లో ఫలితాలొచ్చినాయి. తప్పింది ఒక్క పిల్లోడే. ఆడపిల్లలు పదిహేను మందీ గట్టెక్కినారు, పాత ముగ్గురూ గట్టెక్కినారు. చందనకు లెక్కల్లో డెబ్బై ఒకటి.

ఆ డెబ్బై ఒకటి ఆళ్లగడ్డ బస్టాండుకు చేరేటప్పటికి ఎనభై ఐదైంది. నంద్యాలలో ఆటో ఆపేటప్పటికి తొంభై తొమ్మిది.

"డెబ్బై ఒకటే నాయనా!" అంది ముందు సీట్లోంచి చందన, నలుగురూ వినేటట్టు.

"డెబ్బై ఒకటి నీది. పైన ఇరవై ఎనిమిదీ నా వేళ్లవి" అని ఓబులేసు హారన్ కొట్టినాడు, మెల్లగా, గోరు ఆనించి.