బీరువాలో మూడో చాప్టరు

ఏడేళ్లుగా ఇది నా గొంతులో అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి, నాకు ఒళ్లు మండుతుంది.

తిరుపతిలో ఒక యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. పీహెచ్‌డీలు ఏళ్ల తరబడి సాగుతున్నాయని డీన్ నన్ను సిమ్యులేషన్ మోడల్ ఒకటి తయారు చేయమన్నాడు. కంప్యూటర్లో ఉత్తుత్తి స్కాలర్లు చేరతారు, చాప్టర్లు రాస్తారు, గైడుకు ఇస్తారు, దిద్దించుకుంటారు, వైవాకు వెళతారు. ఎవరెక్కడ ఆగిపోతున్నారో అది చూపిస్తే, దాన్నిబట్టి ఏ గైడుకు ఎన్ని సీట్లో, ఎవరి రిజిస్ట్రేషన్ రద్దో నిర్ణయిస్తామన్నాడు.

ఫైళ్లన్నీ తిరగేశాను. పని ఆగుతున్నది మా గైడ్ల బల్లల మీద. చాప్టరు మాకిచ్చిన తేదీకీ, మేం తిరిగి ఇచ్చిన తేదీకీ మధ్య నెలలకు నెలలు. అందరికంటే ఎక్కువ నా పేరు పక్కనే. ఉన్నదున్నట్టు పెడితే నా కింద స్కాలర్లను తగ్గిస్తారు, పరువు పోతుంది. అందుకని, మేం చదవకుండా పెట్టుకున్న నెలలన్నీ వాళ్లు రాయడానికి పట్టిన కాలంలో కలిపేశాను. చిన్న మార్పు, అంతే. అంతేనా? ఈ మాట ఇప్పటికీ నా నోట ఎలా వస్తోంది?

ఆలస్యమంతా స్కాలర్ల రాతలోనే ఉందని మోడల్ చూపించింది, ఆ లెక్కతోనే నిదానంగా రాసేవాళ్లను ఏరారు. రిజిస్ట్రేషన్ రద్దయినవాళ్లలో నా స్కాలరే ఒకామె ఉంది. నగరిలో మరమగ్గాల ఇంటి అమ్మాయి, బడిలో పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేసేది. రద్దు కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది.

"నేనేం చేసేదమ్మా, మోడలే అట్ల చెప్పింది" అన్నాను.

"మోడల్‌కు ఎవురు చెప్పినారు సార్?" ఆమె గొంతు పెంచలేదు. "నా మూడో చాప్టరు మీ బీరువాలోనే ఉండాది. ఇచ్చి పదకొండు నెలలాయె."

తప్పు చేసింది నేను, కోపం వచ్చింది ఆమె మీద. పొమ్మన్నాను. ఆమె మళ్లీ పరిశోధన జోలికి పోలేదని విన్నాను. నాకు ఆ మోడల్ కట్టినందుకు శాలువా కప్పారు. సిగ్గు లేకుండా కప్పించుకున్నాను.

పోయిన నెల రిటైరయ్యాను. గది ఖాళీ చేస్తుంటే ఆ చాప్టరు దొరికింది, కట్టిన దారం కట్టినట్టే ఉంది. విప్పి, అక్కడే కూర్చుని చదివాను. దిద్దడానికి ఏమీ లేదు. క్షమించమని ఆమెను అడగలేదు, ఏ మొహంతో అడగను? మీరు నన్ను క్షమించనూ అక్కర్లేదు. చెప్పేశాను, గొంతు కాస్త తెరుచుకుంది. ఇంకొక్కటే మిగిలింది, అదీ చెప్పేస్తాను. ఆ చాప్టరు చదవడానికి నాకు గంటన్నర పట్టింది.