ముందు అన్నం, తర్వాత కబురు

మా అత్త పోయింది. మొన్న పొద్దున్నే మంచం మీద లేచి కూర్చుని, కాసిని మంచినీళ్ళు అడిగి తాగి, మళ్ళీ పడుకుని ఇక లేవలేదు. చూడటానికి వచ్చినవాళ్ళలో సగంమంది ఒకటే మాట అన్నారు: "గట్టి మనిషి. రాతిగుండె." పొగడ్తగానే అన్నారు, కాదనను. కానీ ఆమెతో ఒకే వంటింట్లో ఇన్నేళ్ళు వేగినదాన్ని నేను. ఆ మాట నాకు మింగుడుపడలేదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది దర్శి దగ్గర పల్లె. పత్తి, మిర్చి తప్ప మరో ఆధారం లేని నేల. వాన మొహం చాటేస్తే అదీ లేదు. అందుకని మా ఊళ్ళో ఇంటికొకణ్ణి కాకపోయినా వీధికొకణ్ణయినా మిలిటరీకి పంపారు. మా ఆయనా అట్లా వెళ్ళినవాడే. నేను అమరావతి వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. పెళ్ళికని పెట్టిన సెలవు అయిపోగానే ఆయన ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. నేను వాకిట్లో నిలబడి ఏడుస్తున్నాను. మా అత్త మాత్రం కళ్ళంలో ఎండబోసిన మిరపకాయల్ని తిరగేస్తోంది. కొడుకు బస్సెక్కే వేళకు ఆమె ఎప్పుడూ కళ్ళంలోనే ఉండేదట. ఇదేం తల్లి అనుకున్నాను. తర్వాత ఒకసారి అడిగితే, "డ్యూటీకి పోయేవాడి ఎదురుగా నిలబడి ముక్కు చీదితే వాడి కాళ్ళు ముందుకు పడతయ్యా?" అంది.

రేడియోలో వార్తలు మొదలైతే చాలు, ఆమెకు రోలు గుర్తొచ్చేది. నూరిన పచ్చడినే మళ్ళీ నూరేది. ఆ చప్పుడులో నాకొక్క ముక్క వినపడేది కాదు. నేను విసుక్కుంటే, "రేడియోవాడు మనోడి పేరు చెప్పడులే అమ్మాయ్. చెప్పేవాడు సైకిలు మీద వస్తాడు" అనేది.

ఆ సైకిలు మనిషి మా ఊరి పోస్టుమాన్. ఊరంతా ఆయన్ని సాయిబు అనే పిలిచేవాళ్ళం. ఉత్తరాలు తెచ్చిన రోజు వీధి మొదట్లోనే గంట కొట్టుకుంటూ వచ్చేవాడు. టెలిగ్రాం ఉంటే మాత్రం గంట ముట్టుకునేవాడు కాదు. సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు. అట్లా దిగి నడుస్తున్న సాయిబుని చూస్తే మిలిటరీ ఇళ్ళ ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి గడపలోకి వచ్చేవాళ్ళు. ఆ టెలిగ్రాం ఎవరిదైనా సరే, ఆయన ముందు మా ఇంటికే రావాలి. అది మా అత్త పెట్టిన కట్టడి.

ఎందుకు పెట్టిందో చెబుతాను. మా వైపు ఒక పట్టింపు ఉంది. ఇంట్లో చావు జరిగితే శవం లేచేదాకా పొయ్యి రాజేయరు, ఇంటివాళ్ళు మెతుకు ముట్టరు. ఊళ్ళో పోయినవాళ్ళకైతే అది ఒక పూట మాట. మరి ఎక్కడో సరిహద్దులో పోయినవాడి శవం ఎప్పుడు లేవాలి? బంగ్లా యుద్ధం నాడు మా పక్కింటికి అట్లాంటి కబురొచ్చింది. శవం వస్తుందన్నారు. ఇవాళన్నారు, రేపన్నారు. పెద్దలు పొయ్యి వెలిగించనివ్వలేదు. ఆ ఇంటి కోడలు పచ్చి బాలింత. చనుబాలు ఇంకిపోయాయి. శవం రానూలేదు, పసిగుడ్డు దక్కనూలేదు. గోడ ఇవతల ఉండి ఆ బిడ్డ ఏడుపు విన్నదట మా అత్త. ఆచారం కదా అని ఊరుకున్నదట. ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, చెప్పి పెరట్లోకి వెళ్ళిపోయింది.

పెద్దల్ని ఎదిరించే ధైర్యం అప్పట్లో లేక, ఆచారం పక్కనుంచి ఒక దారి చూసుకుంది. కబురు చదివితేనే కదా మైల? చదవకముందు అది ఉత్త కాయితం. అందుకని సాయిబు రాగానే నన్ను వెంటబెట్టుకుని ఆ టెలిగ్రాం తాలూకు ఇంటికి పోయేది. ఇంగ్లీషు చదవగలిగినదాన్ని నేనే గనక నేను ఉండాలి. ముందు ఆ ఇంటి పొయ్యి మీద ఎసరు పెట్టించేది. ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరూ కడుపునిండా తిన్నాకే నా చేత చదివించేది. వాళ్ళు బతిమాలినా, తిట్టినా అంతే. "కబురు చల్లారదు, అన్నం చల్లారుద్ది" అనేది.

ఒకసారి ఒకరింట్లో అందరూ కళ్ళనీళ్ళు కారుస్తూ పప్పన్నం తిన్నాక విప్పి చూస్తే, పిల్లవాడికి సెలవు దొరికింది, వస్తున్నాడని ఉంది. ఆ ఇంటాయన, "దీనికా వదినా నా చేత ఇంత కూడు మింగించావు?" అన్నాడు. "ఎక్కడికి పోద్ది, అరుగుద్దిలే" అంది మా అత్త. ఆ పూట ఎంత నవ్వుకున్నామో.

పత్తికి తెల్లదోమ పట్టి మా ప్రాంతమంతా చితికిపోయిన మరుసటేడు. మా ఆయన్ని శాంతిసేనతో శ్రీలంక పంపారు. నాకు నెలలు నిండుతున్నాయి. ఉత్తరాలు ఆలస్యమై, ఆ తర్వాత ఆగిపోయాయి. మా అత్త రోలు దగ్గరే ఎక్కువసేపు గడిపేది. నేను సైకిలు గంట కోసం వీధిలోకే చూస్తూ ఉండేదాన్ని.

ఆ రోజు ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. ఇద్దరం కళ్ళంలో తాలుకాయలు ఏరుతున్నాం. డొంక మలుపులో సాయిబు కనపడ్డాడు. సైకిలు దిగి నడుస్తున్నాడు. ఎవరి కబురైనా మా దగ్గరికే రావాలి కదా, కాబట్టి అది మాదే అనుకోనక్కర్లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఊళ్ళో మరో మూడిళ్ళ కుర్రాళ్ళు కూడా శ్రీలంకలోనే ఉన్నారు. వాళ్ళలో ఒకరిదై ఉండాలని కోరుకున్నాను. కోరుకున్నందుకు వెంటనే చెంపలేసుకున్నాను.

మా అత్త లేచి కొంగు దులుపుకుంది.

"ఎవరింటికి పోదాం సాయిబూ?"

ఆయన సైకిలు హ్యాండిల్ వైపే చూస్తూ, "మీ ఇంటికే అక్కా" అన్నాడు.

ఇంట్లోకి రాగానే నేను చెయ్యి చాచాను. "ఇటియ్యి సాయిబూ, నేను చదువుతా."

"ఇయ్యమాక" అంది మా అత్త. "అమ్మాయ్, నువ్వట్లా గోడకానుకుని కూర్చో. ఎసరు పెడుతున్నా."

"నాకు అన్నం వద్దత్తా."

"నీకు వద్దేమో" అంది.

బియ్యం కడిగింది. ఎసరు మరిగేదాకా నిలబడింది. ఆ బియ్యం ఉడకటానికి పట్టినంత కాలం నా జన్మలో మళ్ళీ గడవలేదు. ఆమె మీద అంత కోపం కూడా నాకు మళ్ళీ రాలేదు. అన్నం వార్చి, నాకూ తనకూ పెట్టుకుని, వరండాలో సాయిబుకి కూడా విస్తరి వేసింది. "నువ్వూ తిను. ఎప్పుడనగా బయల్దేరావో" అంది.

నేను సాయిబు మొహమే చూస్తున్నాను. దర్శి పోస్టాఫీసులో ఈసారి టెలిగ్రాం రాసుకున్నది ఆయన ఎదురుగానే. ఆయనకు తెలుసు. ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు. మింగలేకపోతున్నాడు. నీళ్ళు తాగాడు. అయినా దిగలేదు. అప్పుడు నాకు అర్థమైంది. మా అత్త వైపు చూశాను. ఆమె కూడా సాయిబునే చూస్తోంది. ఆమెకూ అర్థమైంది.

"తిను సాయిబూ" అంది, రోజూ మాట్లాడే గొంతుతోనే. "మజ్జిగ కూడా ఉంది."

నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి, నెయ్యి వేసి, తానే కలిపి ముద్దలు చేసి నా చేతిలో పెట్టింది. ఒక్కొక్క ముద్దా నేను మింగేదాకా చూసి తర్వాతది పెట్టింది. తన కంచంలోదీ తింది. మెతుకు వదల్లేదు. చేతులు కడిగించి, కొంగుతో నా మూతి తుడిచి, అప్పుడు అంది, "ఇప్పుడు చదువు తల్లీ."

చదివాను. తెలుగులో చెప్పకుండా కాయితం మడిచి ఆమె చేతిలో పెట్టాను.

"చెప్పొద్దులే" అంది.

ఊరంతా వచ్చి పడింది. మా మామగారు అంతకుముందే పోయారు, ఇంటికి పెద్దదిక్కు ఆయన అన్నగారు, మా పెదమామే. ఆయన వచ్చి పొయ్యిలో నీళ్ళు పోయించాడు. మద్రాసు మీదుగా శవం వస్తుంది, వచ్చేదాకా ఇంట్లో ఎవరూ ఏమీ ముట్టరాదని చెప్పాడు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే మా అత్త పెరట్లోంచి పత్తికట్టె మోపు తెచ్చి, తడిబూడిద ఎత్తిపోసి, పొయ్యి ముందు కూర్చుంది. పెదమామ గడప దగ్గరికి వచ్చేశాడు.

"ఏంటమ్మా ఇది? పిల్లోడింకా ఊరు చేరలా. నలుగురూ మొహాన ఉమ్మెయ్యరూ?"

ఆయన ఎదట పడితే తలుపు చాటుకు తప్పుకునే మనిషి, ఆ పూట లేవలేదు.

"ఉమ్మెయ్యనియ్యండి బావగారూ. వాడి బిడ్డ ఈ పిల్ల కడుపులో ఉంది. దానికి మైల తెలవదు, ఆకలే తెలుసు."

ఆయన కండువాతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. చివరకు వచ్చింది శవం కాదు, చితాభస్మం. అది రావటానికి పట్టిన రోజులన్నీ మా ఇంట్లో పొయ్యి వెలిగింది. మా అమ్మాయి నిండు బరువుతో పుట్టింది. ఆ తర్వాత మా ఊళ్ళో ఏ మిలిటరీ ఇంటి పొయ్యినీ ఆర్పమని ఎవరూ అనలేదు. నేను మెతుకు తింటూ బతికి ఉన్నానంటే, నాకొక బిడ్డ ఉందంటే, అది ఆమె పెట్టిన భిక్ష.

ఆ పొద్దున పెదమామ వెళ్ళాక వంటింట్లో మేమిద్దరమే మిగిలాం. పొయ్యి గడ్డలు ఇంకా తడిగానే ఉన్నాయి. పత్తికట్టె పొగలు కక్కుతోందే తప్ప అంటుకోవటం లేదు. మా అత్త ఊదుగొట్టం నోటికి పెట్టుకుంది. ఊదబోతే గాలి రాలేదు, ఏడుపొచ్చింది. గొట్టం తియ్యలేదు. వంగి, వీపంతా కదిలిపోతుంటే, ఆ ఏడుపునంతా పొయ్యిలోకే ఊదింది. కాసేపటికి మంట లేచింది.