యూరియా లైన్ల నా ఫ్లాస్క్

ఇయ్యాల సొసైటీకి యూరియా వస్తదంటే, లైన్ల కాఫీ ఉండాలె గదా అని నిన్న మరిపెడల ఫ్లాస్క్ కొన్న.

"ఎన్ని గంటలు వేడిగుండాలె అన్నా?" అని దుకాణపాయన అడిగిండు.

"యూరియా దొరికేదాక" అన్న.

"గంత సేపు ఉండేది ఇంక ఏ కంపెనోడు చెయ్యలేదన్నా. పన్నెండు గంటలది ఉంది, తీస్కపో."

పొద్దుగాల ఆరింటికి పోయేసరికే చెప్పుల లైన్ రోడ్డు దాక వచ్చింది. చెప్పులు లైన్ల పెట్టి మనుషులు నీడకు కూసున్నరు. నేను మాత్రం తెలివిమంతుని లెక్క, ఎండకు కాళ్లు కాల్తయని చెప్పులు ఉంచుకొని ఫ్లాస్క్ పెట్టిన. ఇగ దాన్ని తీస్తే నా జాగ పోతది. కాఫీ ఎండల, నేను నీడల.

రెండింటికి, నా ముంగట ఇంక పదిమంది ఉండంగనే "స్టాక్ అయిపోయింది" అని షట్టర్ గుంజిండ్రు. అక్కడ నా మక్కచేను పసుపుపచ్చగైతుంది.

ఫ్లాస్క్ మూత తీస్తే పొగలు. ఇయ్యాల అన్న మాట మీద నిలబడ్డది గిదొక్కటే. తాగబుద్ధి కాలే, మూత పెట్టేసిన.

మీల ఎవలకన్న యూరియా దొరికిందా? దొరికితే మా ఇంటికి రాండ్రి, కాఫీ ఇంక వేడిగనే ఉంది.