మట్టయ్య బ్రేకు రబ్బర్లు

మిర్యాలగూడ బస్టాండు పక్కన నాకు సైకిల్ షాపు ఉండేది. మట్టయ్య చేసిన మొదటి బ్రేకు రబ్బర్లు అమ్మింది నేనే. కాబట్టి ఆయన కథ చెబుతూ నన్ను నేను పక్కకు తప్పించుకోవడం కుదరదు.

మట్టయ్య రైసు మిల్లులో ఫిట్టరు. వడ్ల పొట్టు తీసే రబ్బరు రోలర్లు అరిగిపోతే మిల్లు వెనక గుట్టగా పారేసేవారు. 1983 ఎండాకాలంలో ఆ గుట్టలోంచి ఒకటి తెచ్చి, ముక్కలు కోసి, తన సైకిలుకే బిగించుకున్నాడు. కంపెనీ రబ్బర్లు మూడు నెలలకే అరిగేవి. ఇవి ఏడాదైనా చెక్కుచెదరవన్నాడు. సాగర్ కాల్వ కట్ట మీంచి రోడ్డుకు దిగే ఏటవాలులో, రోహిణీ కార్తె ఎండలో ఇద్దరం దిగి చూశాం. సున్నంతో గీసిన గీత దగ్గర బండి ఠక్కున ఆగింది. ఎండలో పరీక్షించి వానల్లోనూ అమ్మాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది!

మరుసటి ఏడు వానల్లో హమాలీ రామనర్సయ్య అదే ఏటవాలులో దిగుతూ లారీ కింద పడ్డాడు. అతని సైకిలుకు ఆ రబ్బర్లు బిగించింది నేను. కాసేపటి ముందే నా షాపులో గాలి కొట్టించుకుని పోయాడు. నోట కల్లు వాసన లేదు. నేనూ మట్టయ్యా పరుగెత్తుకెళ్లేసరికే ప్రాణం పోయింది. పక్కన పడిన సైకిలును మట్టయ్య ఎత్తి, బ్రేకు గట్టిగా పట్టి, చక్రాన్ని చేత్తో తిప్పాడు. తడిసిన చక్రం జారుతూ తిరిగింది. నా మొహంలోకి చూశాడు.

చుట్టూ చేరినవాళ్లు "తాగి పడ్డడు" అన్నారు. రామనర్సయ్యకు తాగుబోతని పాత పేరుంది మరి. అతని భార్య జానకమ్మ కూడా ఆ మాటే నమ్మింది. తేలు కుట్టిన దొంగల్లా మేమిద్దరం నోరు మూసుకున్నాం.

రంగు బాగాలేదన్న సాకుతో మట్టయ్య వారంలో సరుకంతా వెనక్కి తెప్పించాడు. మిల్లు పని మానేసి షెడ్డు వేశాడు. మెత్తటి రబ్బరు కలిపి అచ్చుల్లో ఉడికించాడు. నీళ్లు జారిపోయేందుకు ముక్కకు నాలుగు గాట్లు పెట్టించాడు. తిరిగే చక్రం మీద బిందెలతో నీళ్లు పోసి పరీక్షించనిదే డబ్బా బయటికి పోనిచ్చేవాడు కాదు. వానలో కూడా ఆగుతాయన్న పేరు కోదాడకు, సూర్యాపేటకు పాకింది. అయిదారేళ్లలో ఇరవై మంది పనివాళ్లయ్యారు.

మనిషి మాత్రం చిక్కి సగమయ్యాడు. వాన మొదలైతే అన్నం ముందు నుంచి లేచిపోయి కట్ట దగ్గర నిలబడేవాడు.

"దిగుతనే ఉంటడు. బ్రేకు పడుతనే ఉంటడు. నా దిక్కే సూస్తడు," అన్నాడు ఒకసారి నాతో.

దవాఖానలో చూపించుకోమన్నాను. అంతకంటే నాకేం చేతనైంది?

జానకమ్మకు ఆయన షెడ్డులోనే పనిచ్చాడు, గాట్లు పెట్టే పని. ఊరు ఆయన్ని ధర్మప్రభువంది. ఆ మాట విన్న రోజు ఆయనకు ముద్ద దిగేది కాదు.

1992 పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు. ఇవ్వకపోతే వాళ్లు ఆకలితో ఉంటారని మా నమ్మకం. పొద్దున్నే సరుకు కోసం షెడ్డుకు వెళ్లాను. పనివాళ్లలో జానకమ్మ ఒక్కతే ఉంది.

"బియ్యమియ్య పోలేదా చెల్లె?" అని అడిగాడు మట్టయ్య.

"అత్తమామలకు ఇచ్చొచ్చిన అన్నా. ఆయనకు మాత్రం ఇయ్య. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి తాగనని ఒట్టేసిండు. మళ్ల తాగి సచ్చిండు. ఇది తొమ్మిదో పెత్రమాస. ఒక్కసారన్న ఇయ్యలే."

మట్టయ్య పెదవులు కదిలాయి. నేను కళ్లతో వద్దన్నాను. షెడ్డు, ఇరవై మంది కూడు, ఆయన పరువు, నా పరువు, అన్నీ ఆ మాటతో పోతాయి. ఆయన నా వైపు చూడనే లేదు.

"ఆయన తాగలే చెల్లె. నా రబ్బరు తడిసి జారింది. ఆ దినమే నాకెరుక."

జానకమ్మ కత్తి కింద పెట్టింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఇన్నేండ్లు నా పెనిమిటిని ఉపాసముంచినవా?" అంది. "నడువ్. గుడికాడ అందరుంటరు. ఆడ చెప్పు."

దారిలో ఇంటికెళ్లి బియ్యం మూట తెచ్చింది. గుడి దగ్గర అయ్యగారు పేరడిగారు. "రామనర్సయ్య" అని సోలెడు పోసింది.

"తాగలే. నా బ్రేకు పట్టక పోయిండు," అన్నాడు మట్టయ్య, వరుసలో వాళ్లందరికీ వినపడేలా. వెనక నుంచి ఒక హమాలీ తుపుక్కున ఉమ్మేశాడు.

జానకమ్మ మళ్లీ సోల నింపింది.

"ఒక్కసారి చాలమ్మా," అన్నారు అయ్యగారు.

"ఆయన తొమ్మిదేండ్ల సంది తినలేదయ్యగారూ."

తొమ్మిదిసార్లు ఆమె పేరు చెప్పింది. తొమ్మిదిసార్లూ మట్టయ్య "తాగలే" అన్నాడు. ఆయనతో పాటు నేనూ ఆ మాట అన్నది చివరిసారి ఒక్కటే.