అక్క మూడో పిక్చరు

మొన్న ఖేడ్ మార్కెట్లో వానకు తడిసిన జొన్నబస్తా విప్పితే, ఆ పులిసిన వెచ్చటి వాసనతో పాటు మా పాత వాకిలి, వాకిట్లో బండ తీసిన పాతర, దాని అంచున కొంగు బిగించి నిలబడ్డ మా సుగుణక్క, అందరూ కలిసి ముక్కులోకి వచ్చేశారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. జొన్నలకు భయపడే మనిషిని ఆ వ్యాపారి అదే మొదటిసారి చూసినట్టున్నాడు.

అప్పట్లో ఖేడ్ టాకీసులో దేవతల సినిమా ఆడితే మనూర్ నుంచి, కంగ్టి నుంచి సద్దిమూటలతో జనం దిగేవారు. పోస్టరు మీద హీరో కన్నా మాయలు చూపే డైరెక్టరు పేరే పెద్దగా ఉండేది. అది చూసి పదకొండేళ్ల అక్క తానూ డైరెక్టరు కావాలని తేల్చుకుంది. కెమెరా లేకపోవడాన్ని పెద్ద లోటుగా ఎంచలేదు. మొదటి పిక్చరులో దారం కట్టిన చెంబు ఆకాశంలో ఎగిరి నా నెత్తిన దిగింది. రెండోదాంట్లో రాక్షసుడి తల బదులు గుమ్మడికాయ తెగింది. ఆ పూట కూర అదే.

మూడోదాంట్లో భూమి చీల్చుకొని అమ్మవారు లేవాలి. పాతరంటే బావిలా తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతి మీద బండ పెట్టి మట్టి మెత్తే గుంత. సగం ఖాళీ అయిన మా పాతర బండను ఆ పొద్దున్నే తీసి, రేపు దిగుదామని నాయన చేనుకు పోయాడు. ఏడేళ్ల నేను అమ్మవారిని: పచ్చచీర, ముఖానికి పసుపు, వేపాకు కిరీటం.

"అక్కా, అమ్మవారి ఏసం ఏస్తే బోరంచ పోచమ్మ నా కండ్లు తీస్తదేమో."

"పోచమ్మకు నీ కండ్లతోని ఏం పని? దిగు."

అమ్మవారి కింద నుంచి వెలుగు రావాలని అక్క ముందుగా కందిలి దీపం వెలిగించి తాడుతో దింపింది. ఆరిపోయింది. లాగి మళ్లీ ముట్టించి దింపింది. మళ్లీ ఆరింది. "గాలికి ఆరింది తమ్మీ, ఏం గాదు" అంది. చూడవచ్చిన ఆరుగురు పిల్లల్లో ఒక్కరూ పాతరలో గాలెక్కడిదని అడగలేదు. నేను పోచమ్మకు లెంపలేసుకునే పనిలో ఉన్నాను. నా చంకల కింద తాడు కట్టి దింపింది. నడుము దాకా పోయానో లేదో, ఎవరో జుట్టు పట్టి పైకి లాగారు.

నాయన వాళ్లమ్మ, మా అవ్వ. కొట్టలేదు, తిట్టలేదు. అక్క వైపు తిరిగింది.

"కందిలి ఎన్నిసార్లు ఆరింది?"

"రెండుసార్లు" అంది అక్క.

అవ్వ మళ్లీ ముట్టించి తాడు అక్క చేతికిచ్చింది. "ఇడువు. సూడు." మంట చిన్నదై, ఇంకా చిన్నదై, పోయింది.

"లోపల పాడుగాలి ఉంటే గిట్లనే ఆరుతది. మళ్ల ముట్టిస్తే గీ కందిలి ఎలుగుతది. వీడు ఎలుగుతడా?"

అక్క నా చంకల కింది తాడు ముడి విప్పింది. ప్రేక్షకులు చప్పట్లు కొట్టకుండానే ఇళ్లకు పోయారు. అప్పటిదాకా నేను భయపడాల్సిన దానికి కాక పోచమ్మకు భయపడ్డానని అప్పుడే తెలిసింది. నాలుగో పిక్చరు లేదు.

ఇప్పుడు పాతరలన్నీ పూడ్చేశారు, జొన్నచేలు పత్తిచేలయ్యాయి, అవ్వ లేదు. కిందటి నెల అక్కను సినిమాకు తీసుకుపోయాను. తెర మీద నేల పగిలి, పొగలోంచి ఒక చిన్నపిల్ల దేవతలా లేస్తుంటే హాలంతా ఈలలు. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"అంతా కంప్యూటరే చేస్తదక్కా. లోపల ఎవ్వరుండరు" అన్నాను.

ఆ పిల్ల రెండు కాళ్లూ నేల మీద పెట్టేదాకా అక్క వదల్లేదు.